గేర్ బాక్సు మళ్లీ దించే ముందు క్రాంక్ పుల్లీని ఒకసారి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముందుగా చెప్పాల్సింది ఒక్కటే: ఆ గేర్ బాక్సును ఇప్పుడే దించనివ్వకండి.

ఇదే ఇబ్బంది ఉన్నవారు మరికొందరు ఉంటారు కాబట్టి మీరు రాసిన లక్షణాలను ఒకచోట పెడతాను. మీ తాతగారి 1967 స్టాండర్డ్ హెరాల్డ్ జమ్మికుంటలో రేకుల షెడ్డులో పంతొమ్మిదేళ్లు కదలకుండా ఉంది. ఇంజన్‌కు బోరు చేయించారు. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కొత్తవి వేయించారు. అయినా ఇంజన్ నడుస్తుండగా పెడల్ అడుగు దాకా తొక్కినా మొదటి గేరు, రివర్సు గరగరమంటున్నాయి. గేరులో ఉంచి, క్లచ్ తొక్కి, సెల్ఫ్ కొడితే బండి ముందుకు దూకుతోంది. గబగబా రెండు మూడుసార్లు తొక్కితే కొంత నయం. ప్రెషర్ ప్లేటు నాసిరకమని, మళ్లీ దించి మార్చాలని మీ మెకానిక్ అంటున్నారు.

ఆయన చెప్పింది పూర్తిగా తప్పని అనను. కానీ ఏ కొలతా తీసుకోకుండా ఆ మాట చెప్పడం తొందరపాటు. హనుమకొండలో ముప్పై ఎనిమిదేళ్లుగా పాత బండ్ల పని చేస్తున్నాను. క్లచ్ విడవడం లేదని (అంటే పెడల్ తొక్కినా ఇంజన్, గేర్ బాక్సు వేరుపడటం లేదని) నా దగ్గరకు వచ్చిన బండ్లలో చాలావాటికి అప్పటికే ఒకసారి అనవసరంగా గేర్ బాక్సు దించి ఉంటారు. అంబాసిడర్, ఫియట్ పనిలో చేయి తిరిగినవారికి కూడా హెరాల్డ్ కొత్తగానే ఉంటుంది. ఇది ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ 1959లో తెచ్చిన కారు. మన దేశంలో 1961 నుంచి మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ తయారుచేసింది. ఇంజన్ చిన్నది, 948 సీసీ. ఈ ట్రయంఫ్ చిన్న ఇంజన్లకు ఒక బలహీనత ఉంది. క్లచ్ గురించి మాట్లాడేటప్పుడు అక్కడి నుంచే మొదలుపెట్టాలని నా నమ్మకం.

అదే క్రాంక్ షాఫ్టు ఎండ్ ప్లే, అంటే ఇంజన్ తిప్పే ఆ ప్రధాన ఇరుసు ముందుకూ వెనక్కీ జరిగే కదలిక. మీరు క్లచ్ పెడల్ తొక్కినప్పుడు రిలీజ్ బేరింగు ప్రెషర్ ప్లేటు వేళ్లను ముందుకు నెడుతుంది. ఆ ఒత్తిడి క్రాంక్ వెనుక చివర బిగించిన బరువైన చక్రానికి (ఫ్లైవీలు), అక్కడి నుంచి క్రాంక్ షాఫ్టుకు చేరుతుంది. క్రాంక్ ముందుకు జరగకుండా పట్టి ఉంచేవి వెనుక మెయిన్ బేరింగుకు అటూ ఇటూ ఉండే రెండు అర్ధచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లు. క్లచ్ భారం ప్రధానంగా వాటిలో వెనుక వైపుదాని మీద పడుతుంది. అది అరిగితే క్రాంక్ ముందుకు జరగడం మొదలవుతుంది. బాగా అరిగితే వాషరు తన గాడిలోంచి జారి కింద పడిపోతుంది. అప్పుడు మీరు ఎంత తొక్కినా ఫ్లైవీలే బేరింగు నుంచి దూరంగా జరిగిపోతుంది కాబట్టి క్లచ్ విడవదు. రిలీజ్ బేరింగు మొత్తం కదిలేదే కొన్ని మిల్లీమీటర్లు. అందులో ఒక మిల్లీమీటరు క్రాంక్ మింగేస్తే మిగిలేది చాలదు.

ఇది నాకు తెలిసిన విధం చెబుతాను. 1994 వేసవిలో కాజీపేట నుంచి ఒక అధ్యాపకుడు తన హెరాల్డ్ తెచ్చారు. మీరు రాసిన లక్షణాలే, ఒక్కటీ తేడా లేదు. గేర్ బాక్సు రెండుసార్లు దించాం. ప్లేటు మార్చాం, ప్రెషర్ ప్లేటు మార్చాం. మూడోసారి దించడానికి సిద్ధమై, చివరిసారి చూద్దామని నేను సీటులో కూర్చొని పెడల్ తొక్కుతున్నాను. హెరాల్డ్ బానెట్ మడ్‌గార్డులతో సహా ముందుకు తెరుచుకుంటుంది కదా, ముందు టైరు మీద కూర్చొని చేతులు తుడుచుకుంటున్న మా కుర్రవాడు ఉన్నట్టుండి "అన్నా, నువ్వు తొక్కినప్పుడల్లా కింది పుల్లీ ముందుకొస్తోంది" అన్నాడు. దిగి చూశాను. అతను తొక్కాడు, క్రాంక్ ముందు చివర ఉండే పుల్లీ రేడియేటరు వైపు జరిగింది. వదిలాడు, అక్కడే ఉండిపోయింది. ఆయిల్ చాంబరు దించితే అడుగున నూనెలో ఆ అర్ధచంద్రం పడి ఉంది. ఒక వైపు తెల్లలోహం ఆనవాలే లేదు. అంచు వేలు తెగేంత పలుచగా అరిగిపోయింది. అప్పటికే క్రాంక్ వచ్చి బ్లాకును రాసుకోవడంతో ఆ ముఖం గీతలు పడింది. రెండుసార్లు గేర్ బాక్సు దించి ఎక్కించిన రోజుల్లో మేము పరీక్ష కోసం వందలసార్లు పెడల్ తొక్కి ఉంటాం. ఆ గీతల్లో సగం మా చేతుల మీదుగానే పడ్డాయి. ఆయన వేసవి సెలవులన్నీ ఆ బండికే పోయాయి. అప్పటి నుంచి హెరాల్డ్ గానీ, అదే ఇంజన్ ఉన్న స్టాండర్డ్ గజేల్ కారు గానీ వస్తే ముందు పుల్లీ చూడనిదే స్పానర్ పట్టను.

మీరు చేయాల్సింది ఇంతే. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ వైరు తీసేయండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకు అడ్డం పెట్టండి. ఒకరు సీటులో కూర్చొని పెడల్ నెమ్మదిగా తొక్కి వదలాలి. మీరు క్రాంక్ పుల్లీ పక్కన తల పెట్టి చూడాలి. డయల్ గేజ్ ఉంటే మరీ మంచిది. ఉండాల్సిన కదలిక మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా. గేజ్ లేకుండా మామూలు కంటికే పుల్లీ ముందుకు రావడం తెలిసిందంటే అది ఎక్కువే. ఇంకొక జాగ్రత్త ఉంది. మీ బండిలో హైడ్రాలిక్ ఒత్తిడే (పెడల్ తొక్కుడును బ్రేక్ ఆయిల్ ద్వారా క్లచ్‌కు చేర్చేది) సరిగా అందకపోతుంటే, వాషర్లు అరిగినా పెడల్‌తో పుల్లీ కదలకపోవచ్చు. అందుకే ఒక పెద్ద స్క్రూడ్రైవరుతో పుల్లీని మెల్లగా వెనక్కి నెట్టి, తర్వాత ముందుకు లాగి కూడా చూడండి. పుల్లీ అంచు విరగకుండా లోపలి భాగం దగ్గర ఆనించాలి.

ఇంజన్ ఇప్పుడే బోరు చేయించాం కదా, వాషర్లు కొత్తవే వేసి ఉంటారు అనుకోవద్దు. బోరు, పిస్టన్లు, బేరింగుల మీద ఉన్న శ్రద్ధ ఈ రెండు చిన్న వాషర్ల మీద ఉండదు. పాతవే తుడిచి పెట్టేయడం నేను చాలాచోట్ల చూశాను. ఒక్కోసారి కొత్తవే వేసినా తిప్పి వేస్తారు. గాళ్లు ఉన్న ముఖం క్రాంక్ వైపు ఉండాలి. బ్లాకు వైపు పెడితే కొద్ది రోజుల్లోనే అరిగిపోతాయి. బోరు చేసినవారిని ఎండ్ ప్లే ఎంత వచ్చిందని అడగండి. అంకె చెప్పగలిగితే కొలిచారని అర్థం. కదలిక ఎక్కువ ఉన్నా భయపడకండి. ఇంజన్ దించనక్కర్లేదు. చాంబరు, వెనుక మెయిన్ క్యాపు తీస్తే వాషర్లను కిందినుంచే తిప్పి బయటికి తీయవచ్చు, అలాగే కొత్తవి ఎక్కించవచ్చు. మామూలువి వదులుగా ఉంటే కొంచెం మందమైనవి కూడా దొరుకుతాయి. కానీ ఆ పని అయ్యేదాకా మాత్రం క్లచ్ తొక్కకండి తమ్ముడూ, పరీక్ష కోసం కూడా.

నిజం చెప్పాలంటే, మీ బండిలో అసలు లోపం ఇది కాకపోవచ్చు. రెండు మూడుసార్లు తొక్కితే నయమవుతోందన్నారు. ఆ ఒక్క మాట నన్ను హైడ్రాలిక్ వైపు చూడమంటోంది. అయినా పుల్లీ ముందు చూడమనడానికి కారణం, అది ఐదు నిమిషాల పని. అదే తప్పయితే మిగతా ప్రతి పరీక్షా ఇంజన్‌ను తినేస్తుంది.

పుల్లీ గట్టిగా ఉందనుకుందాం. పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ నూనెను నెడితే, గేర్ బాక్సు దగ్గరి స్లేవ్ సిలిండర్ తన పుష్ రాడ్‌ను బయటికి తోస్తుంది. ఇప్పుడు ఆ రాడ్‌ను సరిహద్దుగా పెట్టుకోండి. పెడల్ నుంచి ఆ రాడ్ దాకా ఒక సగం, రాడ్ నుంచి క్లచ్ ప్లేటు దాకా మరో సగం. రాడ్ ఎంత కదులుతోందో తెలిస్తే లోపం ఏ సగంలో ఉందో తెలిసిపోతుంది. హెరాల్డ్‌లో ఇది చూడటం తేలిక. గేర్ బాక్సు మీది కవరు కారు లోపలి నుంచే ఊడుతుంది. అసలు బండితో వచ్చింది గట్టి అట్టలాంటి దానితో చేసినది. మన దగ్గర చాలా బండ్లలో అది చివికిపోయి రేకుతో చేసినది ఉంటుంది. ముందు సీట్లు, కార్పెట్ తీసి, చుట్టూ ఉన్న స్క్రూలు విప్పితే గేర్ బాక్సు మొత్తం మీ మోకాళ్ల ముందు ఉంటుంది. ఈ కారులో గేర్ బాక్సు దించడం అంటున్నాం గానీ, నిజానికి దాన్ని లోపలికే ఎత్తి తలుపులోంచి బయటికి తీస్తారు.

స్లేవ్ సిలిండర్ చివర రబ్బరు టోపీలోంచి రాడ్ బయటికి వచ్చి, రిలీజ్ బేరింగును నెట్టే క్లచ్ ఫోర్కును తాకుతుంది. రాడ్ మీద వైట్‌నర్‌తో సన్నని గీత పెట్టండి. పక్కన పిల్లల స్కేలు ఆనించి పట్టుకోండి. ఒకరిని పెడల్ ఒకేసారి, నెమ్మదిగా, అడుగు దాకా తొక్కి పట్టుకోమనండి. బాగున్న హెరాల్డుల్లో నేను చూసిన కదలిక సుమారు 12 మిల్లీమీటర్లు. మీకు 8 లేదా 9 మాత్రమే వస్తే లోపం పెడల్ వైపు సగంలోనే ఉంది, గేర్ బాక్సు జోలికి వెళ్లనక్కర్లేదు. తొక్కి పట్టుకున్నాక గీత మెల్లగా వెనక్కి జారుతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి వాషరు ఒత్తిడిని పట్టి ఉంచడం లేదని అర్థం.

స్కేలు పట్టుకున్నప్పుడే ఆ రబ్బరు టోపీ అంచును కొంచెం పైకి లేపి చూడండి. లోపల పొడిగా, లేతరంగు దుమ్ముతో ఉండాలి. నల్లటి నీరులాంటి చుక్క వేలికి అంటితే సిలిండర్ కారుతోంది. ఒక చుక్కే కదా అని వదిలేయకండి. నూనె బయటికి వచ్చే దారి ఉంటే, పెడల్ వదిలినప్పుడు అదే దారిలో గాలి లోపలికి వెళ్తుంది.

రబ్బరు కిట్టు కొత్తది వేశామని రాశారు. సిలిండర్లను దేనితో కడిగారు? పెట్రోలుతోనో డీజిలుతోనో కడిగి ఉంటే ఆ కిట్టు పోయినట్టే. ఈ రబ్బరు భాగాలకు పెట్రోలు, ఇంజన్ ఆయిల్, గ్రీజు ఏవీ పడవు. ఉబ్బి మెత్తబడతాయి. కొత్తలో బాగా పనిచేసి, వారం పది రోజులకు లోపల పట్టేస్తాయి. బ్రేక్ ఆయిల్‌తోనో స్పిరిటుతోనో మాత్రమే కడగాలి. పంతొమ్మిదేళ్లు నిలిచిన బండి కాబట్టి సిలిండర్ లోపలి గోడను కూడా చూడాలి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. ఆ తేమతో లోపల గుంతలు పడతాయి. గోరుతో గీస్తే తగిలే గుంత ఉంటే ఎన్ని కిట్లు మార్చినా ప్రయోజనం లేదు. సిలిండర్‌కు లోపల కొత్త గొట్టం (స్లీవు) వేయించాలి, లేదా కొత్తది కొనాలి.

కొత్తది కొనేటప్పుడు బోరు కొలత, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, తప్పకుండా సరిచూసుకోండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగితే "ఇది సరిపోతుంది" అని ఏదో ఒకటి ఇస్తారు. బిగింపుకు సరిపోతుంది, పనికి సరిపోదు. ఉదాహరణకు 7/8 అంగుళం స్లేవ్ ఉండాల్సిన చోట 1 అంగుళం ది వేశారనుకోండి. ఎనిమిదో వంతే కదా తేడా అనిపిస్తుంది. కానీ లెక్క వైశాల్యంతో, అంటే వ్యాసం వర్గంతో ఉంటుంది. మాస్టర్ పంపే నూనె అంతే, నింపాల్సిన చోటు పెద్దది. కాబట్టి 12 మిల్లీమీటర్ల కదలిక 9కి పడిపోతుంది. పెడల్ మాత్రం తేలికగా, హాయిగా ఉంటుంది. తేలికైన పెడల్ చూసి సంతోషపడిన ఓనర్లను చూశాను, వాళ్ల గేర్లే గరగరమంటుంటాయి.

గాలి తీయడంలో ఎక్కువమంది చేసే తప్పు స్లేవ్ సిలిండర్‌ను తలకిందులుగా బిగించడం. గాలి బయటికి వదిలే చిన్న మూతి, అంటే బ్లీడింగ్ నిపుల్, పైన ఉండాలి, పైపు కింద ఉండాలి. తిరగబడితే గాలి బుడగ పైనే కూర్చుంటుంది, మీరు లీటరు ఆయిల్ పోసినా బయటికి రాదు. నేను ఇంకొక పని కూడా చేస్తాను. గాలి తీసే ముందు స్లేవ్ పిస్టన్‌ను పూర్తిగా లోపలికి నెట్టి అక్కడే ఉండేలా ఆపుతాను. అప్పుడు లోపల గాలి దాక్కునే చోటు తగ్గుతుంది. పెడల్ గబగబా కొట్టకూడదు, నెమ్మదిగా తొక్కాలి. ఇక్కడ ఒక హెచ్చరిక: బ్రేక్ ఆయిల్ పడితే పెయింటు లేచిపోతుంది. ఇప్పుడే పెయింటు చేయించిన బండి కదా, మాస్టర్ సిలిండర్ చుట్టూ తడి గుడ్డలు పరచుకుని, పక్కన బకెట్ నీళ్లు పెట్టుకోండి.

పెడల్ వైపు కూడా ఒక చూపు వేయండి. పెడల్‌ను మాస్టర్ సిలిండర్ రాడ్‌కు కలిపే పిన్ను, దాని రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వస్తాయి. అక్కడ రెండు మూడు మిల్లీమీటర్లు పోతే కింద రాడ్ కదలిక కూడా తగ్గుతుంది. చిన్నపాటి లేత్ పనితో తీరిపోయేదానికి క్లచ్ సెట్టే మార్చిన సందర్భాలు ఉన్నాయి. మాస్టర్ సిలిండర్ బిగించిన రేకు తుప్పు పట్టి, తొక్కినప్పుడు వంగుతోందేమో కూడా వేళ్లు ఆనించి చూడండి.

ఇప్పుడు రెండో సగం. రాడ్ 12 మిల్లీమీటర్లు కదులుతోంది, పుల్లీ గట్టిగా ఉంది, అయినా గేరు పడటం లేదంటే లోపం బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే డొప్ప) లోపల ఉంది. అప్పుడు కూడా దించే ముందు ఒక పరీక్ష చేయండి. చదునైన నేల మీద, ఇంజన్ ఆపి, మొదటి గేరులో పెట్టి, ఒకరు క్లచ్ తొక్కి పట్టుకోగా ఇద్దరు బండిని నెట్టండి. ఇంజన్‌ను తిప్పుతున్నంత బరువుగా ఉంటే ప్లేటు విడవడం లేదు. తేలికగా దొర్లితే ప్లేటు విడుస్తోంది. మరి ఇంజన్ నడిచేటప్పుడు గేర్లు ఎందుకు గరగరమంటున్నాయి? క్రాంక్ వెనుక చివర ఉండే చిన్న స్పిగాట్ బుష్ మీద అనుమానం పెట్టండి. గేర్ బాక్సు షాఫ్టు ముక్కు అందులో కూర్చుంటుంది. బుష్ బిగుసుకుంటే ప్లేటు విడిచినా క్రాంక్ ఆ షాఫ్టును తనతో పాటు తిప్పుతూనే ఉంటుంది.

ఈ బుష్ విషయంలో మన లేత్ షాపులతో నాకు ఎప్పుడూ గొడవే. అసలు బుష్ కంచు పొడిని నొక్కి చేసినది. స్పంజిలాగా నూనె పీల్చుకుని, కొద్దికొద్దిగా వదులుతుంది. దొరకలేదని మామూలు ఇత్తడి కడ్డీతో తోలించి వేస్తారు. కొలత పక్కాగానే ఉంటుంది, పని కూడా అందంగా ఉంటుంది. కానీ నూనె దాచుకునే గుణం ఇత్తడికి లేదు. కొన్ని నెలలకే ఎండి పట్టేస్తుంది. సరైన బుష్ తెప్పించుకోండి, ఆలస్యమైనా పరవాలేదు. బిగించే ముందు ఒక రోజంతా ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టండి.

ప్లేటే విడవడం లేదని తేలితే కారణాలు మూడు నాలుగే. ప్లేటు తిరగేసి బిగించడం ఒకటి. హబ్ పొడవుగా ఉన్న వైపు ఫ్లైవీలు మీదికి వస్తే అక్కడి బోల్టులకు తగులుతుంది. రెండోది తుప్పు. మీ బండికి ప్లేటు వేశాక పెయింటు పని కోసం వానాకాలమంతా షెడ్డులో నిలిచిందని రాశారు. కొత్తగా లేత్ పట్టిన ఫ్లైవీలు మీద ఆ తేమకు పలుచని తుప్పు పట్టి ప్లేటు అతుక్కుపోతుంది. అయితే అలా అతుక్కున్న ప్లేటు పెడల్ ఎన్నిసార్లు తొక్కినా ఒకేలా ఉంటుంది. మీది తొక్కితే మారుతోంది కాబట్టి దీనికి అవకాశం తక్కువ.

మూడోది గేర్ బాక్సు ఎక్కించేటప్పుడు జరిగే తప్పు. ఇదే అన్నిటికంటే ఎక్కువ. కారు లోపల ఇరుకులో ఒక మనిషి గేర్ బాక్సును పట్టుకుని షాఫ్టును ప్లేటులోకి దూరుస్తాడు. సగం దూరాక చేతులు నొప్పి పుట్టి ఒక్క నిమిషం వదిలేస్తాడు. ఆ బరువంతా ప్లేటు హబ్ మీద వేలాడుతుంది, ప్లేటు వంగిపోతుంది. వంగింది కంటికి కనిపించదు, కానీ ఒక అంచు ఎప్పుడూ ఫ్లైవీలుకు రాసుకుంటూనే ఉంటుంది. కింద జాకీ ఆధారం ఉండాలి, పక్కన ఇంకొకరు ఉండాలి. ఖాళీ ఉండగానే బోల్టులు బిగించి లాక్కోవడం అసలే పనికిరాదు. పాత ఇన్‌పుట్ షాఫ్టు ముక్క ఒకటి సంపాదించి పెట్టుకుంటే ప్లేటును మధ్యకు తేవడం నిమిషం పని.

ఇక మీ మెకానిక్ అన్న ప్రెషర్ ప్లేటు. స్ప్రింగులు, మూడు వేళ్లు ఉండే పాత రకమైతే ఆయన అనుమానానికి ఆధారం ఉంది. రీకండిషన్ చేసిన వాటిలో ఆ మూడు వేళ్ల ఎత్తు సమానంగా ఉండదు. ఒక వేలు ముందు, ఒకటి వెనుక ఉంటే ప్లేటు ఒక పక్క లేచి ఇంకో పక్క పట్టుకుంటుంది. ఫ్లైవీలుకు బిగించాక మూడు వేళ్ల ఎత్తూ వెర్నియర్‌తో కొలవాలి. బిగించేటప్పుడు బోల్టులను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా తిప్పుతూ రావాలి. ఒకటి పూర్తిగా బిగించి మరోదానికి వెళ్తే కొత్త కవరు కూడా వంకరపోతుంది.

బండి కదిలేటప్పుడు వణుకు కూడా ఉందని చివర్లో ఒక వాక్యం రాశారు. దాన్ని ఇప్పటికి పక్కన పెట్టండి. పంతొమ్మిదేళ్లు నిలిచిన బండిలో ఇంజన్ మౌంటింగు రబ్బర్లు రాయిలా గట్టిపడి ఉంటాయి. ముందు అవి మార్చి చూడండి. తగ్గకపోతే ప్లేటు మీద నూనె మరక ఉందేమో అనుమానించాలి. అది ఎలాగూ దించితేనే తెలుస్తుంది.

దించాల్సి వస్తే ఒక్క జాగ్రత్త. తాతగారి కాలపు పాత ప్లేటు, ఆ లోపలి దుమ్ము ఇంకా ఉంటే గాలి కొట్టి ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఎన్నో ఏళ్ల తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. మా తరంలో అందరం నోటితో ఊదినవాళ్లమే, అలా చేయకూడదని చెప్పేవారు లేరు. తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

మీ నుంచి నాకు మూడు సంగతులు కావాలి: పెడల్ తొక్కినప్పుడు పుల్లీ కదిలిందా, రాడ్ ఎన్ని మిల్లీమీటర్లు కదిలింది, స్లేవ్ సిలిండర్ మీద అచ్చు వేసిన బోరు కొలత ఎంత. బ్లీడింగ్ నిపుల్ కనిపించేలా ఒక ఫోటో కూడా పెట్టండి. అవి వచ్చాక గేర్ బాక్సు సంగతి మాట్లాడదాం. అప్పటిదాకా ఆ బోల్టులు అలాగే ఉండనివ్వండి.